మా బావ కుడి దవడ

కోతల రోజుల్లో మా బావ చంద్రరావు నోట్లో వడ్ల గింజ లేని గంట ఉండేది కాదు. పాలకొల్లు చుట్టుపక్కల పదిహేను ఊళ్ళ ధాన్యం ఆయన మాట మీద మిల్లులకి వెళ్ళేది. రైతుకీ మిల్లుకీ మధ్య నిలబడి బేరం కుదిర్చే వ్యాపారం ఆయనది. నలభై ఏళ్ళుగా అదే పని. అంతకు ముందు వాళ్ళ నాన్నగారిదీ అదే పని.

ధాన్యం రాశి దగ్గరికి వెళ్ళగానే మోచేతి దాకా చెయ్యి లోపలికి దించి గుప్పెడు తీసేవాడు. పైన ఆరిన గింజలు చూసి మోసపోయే రకం కాదు. రెండు అరచేతుల మధ్య వేసి గట్టిగా నలిపి, పొట్టు ఊదేసి, ఒక గింజని కుడి పక్క దవడ పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేవాడు. కొరికేటప్పుడు కళ్ళు సగం మూసుకునేవాడు. పచ్చి గింజ పళ్ళ మధ్య అణిగిపోతుంది. ఆరిన గింజ టక్కున విరుగుతుంది. ఆ రెండింటికీ మధ్య ఏముందో నాబోటివాడికి తెలియదు. ఆయనకి మాత్రం అక్కడ పది పన్నెండు మెట్లు ఉండేవి. గింజ ఉమ్మేసి "పదిహేడున్నర" అనేవాడు. తేమ పదిహేడు శాతం దాటితే మిల్లువాళ్ళు దించుకోరు. ఆ తరవాత మిల్లులో మిషన్ మీద పోస్తే పదిహేడు పాయింట్ నాలుగో, పాయింట్ ఆరో వచ్చేది.

మిల్లువాళ్ళ మిషన్ మీద రైతుకి నమ్మకం లేదు. రైతు మాట మీద మిల్లువాళ్ళకి నమ్మకం లేదు. మా బావ కొరికి చెప్పాడంటే ఇద్దరూ కిమ్మనకుండా ఒప్పుకునేవారు. ఒక్కోసారి ఆయన కోసం లారీ రెండు గంటలు ఆగేది.

నేను ఆయన బావమరిదిని. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. భాస్కరం మాస్టారంటే పాలకొల్లులో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. మా అక్క ప్రసన్నలక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి ఆయన్ని ఏడిపించే హక్కు నాకుంది. దాన్ని ఒక్కరోజు కూడా వృథా చెయ్యలేదు. "ఈయనకి అన్నం ఎందుకే అక్కా, నాలుగు గింజలు చల్లి గంప కింద మూస్తే సరిపోతుంది కదా" అనేవాణ్ణి. "నీ మొహం. నీకు గింజకీ గులకరాయికీ తేడా తెలుసుట్రా?" అనేవాడు బావ.

ఎప్పుడూ కుడి పక్కే. ఎడమ పక్క కొరకడం నేను చూడలేదు. అందువల్ల ఆయన కుడి చెంప కింది భాగం ఉబ్బి ఉండేది. పెళ్ళి ఫొటోలో రెండు చెంపలూ సమానంగానే ఉన్నాయి. షష్టిపూర్తి ఫొటోలో చూస్తే నోట్లో నిమ్మకాయ పెట్టుకున్నట్టుంటుంది. పిల్లలకి కండరాల పాఠం చెప్పిన మనిషిని, ఆ చెంపని ఇరవై ఏళ్ళు ఎదురుగా కూర్చుని చూశాను. ఇదేంటని ఒక్కసారీ అనుకోలేదు. నా మీద నాకు ఇప్పటికీ కోపం.

నొప్పి పోయిన ఏడాది వేసవిలో, దాళ్వా పంట కోతల చివర్లో మొదలైంది. ముందు చెవిలో. చెవి డాక్టరు లైటు వేసి చూసి చెవి శుభ్రంగా ఉందన్నాడు. చుక్కల మందు రాసిచ్చాడు. తరవాత కణతల్లో. దానికి తలనొప్పి మాత్రలు వేసుకున్నాడు. తరవాత కింది దవడ పళ్ళలోకి దిగింది. అక్కడితో మా బావకి దొంగ దొరికాడు. "ఇదేరా, ఈ పన్నే" అని వేలు పెట్టి చూపించాడు. నేను ఫోన్ లైటు వేసి చూసి, "లోపల పుచ్చి ఉంటుంది" అన్నాను. నాకక్కడ కనిపించింది ఏమీ లేదు. మాస్టారు కదా, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను.

మా అక్క లవంగ నూనె రాసింది. ఉప్పు మూటకట్టి కాపడం పెట్టింది. కాపడానికి నొప్పి తగ్గేది. అది తగ్గించుకుని మళ్ళీ వెళ్ళి కొరికేవాడు. కోతలు అయిపోయాక ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రే తీసి, పన్ను బాగానే ఉందండి, నెల రోజులు చూద్దాం అన్నాడు. మా బావ వినలేదు. "పన్ను నాది, నొప్పి నాది. పీకండి" అన్నాడు. డాక్టరు మరీ మరీ చెప్పి, చివరికి సంతకం పెట్టించుకుని పీకాడు. నాలుగు రోజులకి నొప్పి దాని పక్క పన్నులోకి వచ్చింది. మొదటి డాక్టరు మళ్ళీ ఒప్పుకోడని తెలిసి భీమవరంలో ఇంకొకరి దగ్గరికి వెళ్ళి ఆ రెండోదీ పీకించుకున్నాడు. నొప్పి తగ్గలేదు. అడిగినవాళ్ళకి మాత్రం "ఆ డాక్టర్లు మంచి పళ్ళు రెండు పీకేశారండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు చెప్పాడంటే ఆయనకే అది నిజమైపోయింది.

ఆ తరవాత చప్పుడు. అన్నం ముద్ద పెట్టుకుందామని నోరు తెరిస్తే చెవి దగ్గర టక్కుమనేది. వంటింట్లో ఉన్న మా అక్కకి వినపడేది. శ్రావణమాసంలో ఒక శుక్రవారం ఆ చప్పుడు ఆగింది. హమ్మయ్య, తగ్గింది అనుకున్నారు. ఆ పూటే బూరె తినబోతే నోరు తెరుచుకోలేదు. వేలున్నర వెడల్పు తెరుచుకుని ఆగిపోయింది. బూరెని నాలుగు ముక్కలు చేసి ఒక్కోటీ దోపితే గానీ లోపలికి వెళ్ళలేదు. నేను నవ్వాను గానీ, మర్నాడు బావ ఇడ్లీ కూడా అలాగే తిన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు.

రాజమండ్రి అవతల ఉన్న ఒక డెంటల్ కాలేజీకి తీసుకెళ్ళాను. అక్కడ లావణ్య అనే డాక్టరమ్మ చూసింది. జీవశాస్త్రం మాస్టారినని వెళ్ళగానే చెప్పుకున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు కూడా ఉండదు. కొమ్ములు తిరిగిన బేరగాళ్ళని చూసిన మా బావ, ఈ పిల్లేం చూస్తుందిరా అన్నట్టు నావైపు చూశాడు. ఆవిడ ఎక్స్‌రే అడగలేదు. రెండు చిటికెన వేళ్ళు ఆయన చెవుల ముందు ఆనించి, "నోరు తెరిచి ముయ్యండి, నెమ్మదిగా" అంది.

"చప్పుడు వచ్చేదా అండి?"

"వచ్చేదమ్మా. ఈమధ్య ఆగిపోయింది."

"ఆగిపోయాక నోరు తెరుచుకోవడం లేదు, అంతేనా?"

"అంతేనమ్మా" అన్నాడు బావ. నీకెలా తెలుసు అని అడగబోయి ఆగాడు.

ఆవిడ బల్ల మీంచి ఒక పుర్రె తీసింది. ప్లాస్టిక్‌ది. కింది దవడ విడిగా చేతికొచ్చింది. దవడ రెండు కొసలా గుండ్రటి ఎముక తల ఉంది. చెవి రంధ్రానికి ముందు, పై ఎముకలో ఒక గుంట ఉంది. ఆ తల ఈ గుంటలో కూర్చుంటుంది. మధ్యలో పల్చటి మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుందని, ఎముక మీద ఎముక రాసుకోకుండా అదే కాపాడుతుందని చెప్పింది. నోరు తెరిచేటప్పుడు ఆ తల మొదట ఉన్నచోటే తిరుగుతుంది. తరవాత బిళ్ళతో సహా ముందుకి జారుతుంది. ఆ జారడం వల్లే నోరు పెద్దగా తెరుచుకుంటుంది.

"మీ బిళ్ళ స్థానం తప్పి ముందుకి వచ్చేసిందండి. మొదట్లో నోరు తెరిచినప్పుడల్లా తిరిగి దాని చోటికి ఎక్కేది. ఆ ఎక్కడమే చప్పుడు. ఇప్పుడు ఎక్కడం మానేసింది. ఎముకకి అడ్డంగా కూర్చుంది. అందుకని చప్పుడూ లేదు, నోరూ తెరుచుకోదు."

తలుపు ఒత్తిడికి గడప దగ్గర చాప మడత పడితే తలుపు సగంలో ఆగిపోతుంది చూశారా, అలాగన్నమాట. ముప్పై మూడేళ్ళు నేను చెప్పిన పాఠంలో ఈ బిళ్ళ సంగతి లేదు. పై దవడ కదలదు, కింది దవడ కదులుతుంది, రాసుకోండి, అని చెప్పి గంట కొట్టగానే వచ్చేసేవాణ్ణి.

తరవాత ఆయన చేతులే పట్టుకుని ఆయన చెంపల మీద పెట్టింది. "ఇప్పుడు పళ్ళు బిగించండి. ఎత్తుగా లేచింది కదా, అది నమిలే కండరాల్లో బలమైనది. చెంప ఎముక నుంచి దవడ మూల దాకా ఉంటుంది. ఇప్పుడు కణతల మీద పెట్టండి. బిగించండి."

"ఇక్కడా కదులుతోందే!" అన్నాడు బావ.

"అది విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. అదీ దవడని పైకి లాగేదే. ఇంకా ఒక్కో పక్కా లోపల రెండేసి ఉన్నాయి, చేతికి అందవు. ఒకటి దవడ మూలకి లోపలి వైపున ఉంటుంది. రెండోది ఎముక తలని పట్టుకుని ముందుకి లాగుతుంది. ఆ చివరిది బిగుసుకుంటే బిళ్ళకీ ఇబ్బందే. వీటన్నిటికీ, మీ పళ్ళకీ, చెవి ముందు భాగానికీ కబురు మోసే నరం ఒకటే. అందుకే కండరం నొప్పి పెడితే పన్ను నొప్పి అనిపిస్తుంది, చెవి నొప్పి అనిపిస్తుంది."

మా బావ నాలిక వెళ్ళి పళ్ళు పీకించుకున్న ఖాళీల దగ్గర ఆగడం చెంప మీద కనిపించింది. డాక్టరమ్మ కూడా చూసింది. కాగితం మీద ఏదో రాసుకుని ఇంకో సంగతి అడిగింది.

"గట్టివి కొరికే అలవాటేమైనా ఉందా అండి? వక్క, చెరకు, జంతికలు, పెన్ను చివర?"

"ఏమీ లేవమ్మా. వక్కపలుకు కూడా వెయ్యను."

"మా బావకి ఏ అలవాటూ లేదండి" అన్నాను నేను కూడా, హెడ్మాస్టరు కాండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చినంత గట్టిగా.

అబద్ధం చెప్పామని కాదు. గింజ కొరకడం మాకు తిండి లెక్కలోకి రాదు. అలవాటు లెక్కలోకీ రాదు. అది పని. నమిలి మింగితే కదా తిన్నట్టు. ఉమ్మేసేదాన్ని ఎవరు లెక్కేస్తారు?

మందులు రాయించుకుని బయట హాల్లో కూర్చున్నాం. అక్కడ లోవరాజు అని పెనుగొండ రైతు తగిలాడు. భార్యకి పన్ను చూపించడానికి వచ్చాడు. మా బావని చూడగానే లేచి నిలబడ్డాడు. "చంద్రరావుగారూ, దేవుడిలా కనిపించారండి" అని పరుగున వెళ్ళి స్కూటర్ డిక్కీలోంచి ఒక పొట్లం తెచ్చాడు. దాళ్వా ధాన్యం నిలవ ఉంచాడట, తిరుగు ప్రయాణంలో మిల్లులో చూపిద్దామని శాంపిల్ తెచ్చుకున్నాడు. "నాలుగు గింజలు కొరికి చెప్పండి బాబూ" అని అరచేతిలో పోశాడు. మా బావ చెయ్యి దానంతట అదే నలపడం మొదలెట్టింది.

"ఏం చేస్తున్నారండి?" అంది లావణ్యగారు వెనక నుంచి. ఇంకో పేషెంటుని పిలవడానికి బయటికి వచ్చింది.

లోవరాజే చెప్పాడు, బోలెడంత గర్వంగా. "తేమ చూస్తారండి డాక్టరుగారూ. ఈయన కొరికి చెప్తే మిషన్ అక్కర్లేదండి. కోతల్లో రోజుకి ఐదారువందల గింజలు కొరుకుతారండి. నలభై ఏళ్ళ నుంచీ అండి!"

ఆవిడ మా ఇద్దరినీ చూసింది. కోప్పడితే బాగుండేది. "మాస్టారూ, మీరు జీవశాస్త్రం కదండీ చెప్పేది?" అంది అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడు నెలలు గింజ ముట్టకూడదంది. మెత్తటి తిండి. వేడి కాపడం. రాత్రి పళ్ళకి తొడుక్కోవడానికి ఒక ప్లాస్టిక్ తొడుగు చేసిచ్చింది. వారానికోసారి వెళ్తే బొటనవేలు నోట్లో పెట్టి దవడని కిందికి నొక్కి ముందుకి లాగేది. ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి నాలిక అంగిటికి ఆనించి నోరు తిన్నగా తెరవడం అలవాటు చేసుకోమంది. అప్పటిదాకా నోరు తెరిస్తే గడ్డం కుడి పక్కకి వంకరపోయేదని మాకు తెలియనే లేదు.

ఆ మూడు నెలలూ మా అక్క పడ్డ పాట్లు నాకే తెలుసు. జావ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పు. ఆయనకి తిండి బాధ కాదు. "రాబోయే సార్వా పంట కోతలకి దవడ రాకపోతే నేనేంటి?" అని ఒకరోజు నన్ను సూటిగా అడిగాడు. నేను జోకులు వేసే స్థితిలో లేను. ఆయనకి వేరే విద్య లేదు. త్రాసు వేరేవాళ్ళది, లారీ వేరేవాళ్ళది, మిల్లు వేరేవాళ్ళది. ఆయన ఆస్తి ఆ కొరుకు ఒక్కటే. అది పోతే పదిహేను ఊళ్ళలో ఆయన ఒక ముసలాయన, అంతే.

నవంబరు రెండో వారంలో వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఆయన మూడు వేళ్ళు నిలువుగా పేర్చి నోట్లో పెట్టుకోమంది. మూడూ పట్టాయి. చప్పుడు లేదు, నొప్పి లేదు. "కొంచెం కొంచెంగా కొరకండి. రెండు పక్కలా మార్చి మార్చి. రోజుకి ఇరవై దాటకూడదు" అంది. మా బావ ఆవిడకి నమస్కారం పెట్టిన తీరు చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

నెలాఖరులో అన్నపూర్ణమ్మ దగ్గర నుంచి కబురు వచ్చింది. మూడెకరాలు కౌలుకి చేస్తుంది ఆవిడ. నాలుగేళ్ళ క్రితం భర్త పోయాక కూడా సాగు వదల్లేదు. మిషన్ కోత కోయించి, ధాన్యం రోడ్డు పక్క బరకం పట్టాల మీద మూడు రోజులు ఆరబోసింది. మిల్లు తరఫున వచ్చిన గణేష్‌బాబు చేతి మిషన్‌లో పోస్తే పంతొమ్మిది చూపించింది. లారీ వెనక్కి తిప్పుతానన్నాడు. బంగాళాఖాతంలో వాయుగుండం అని ఉదయం నుంచి ఫోన్లలో మెసేజీలు వస్తున్నాయి. ఆ పూట ఎత్తకపోతే ధాన్యం తడిసిపోతుంది.

మోపెడ్ మీద నన్ను వెనక ఎక్కించుకుని వెళ్ళాడు. ఆ సీజన్‌లో అదే మొదటి రాశి. పది మంది దాకా జనం చేరారు. బావ చెయ్యి మోచేతి దాకా దించాడు. నలిపాడు, ఊదాడు, గింజ కుడి పక్క పెట్టుకుని కళ్ళు సగం మూశాడు.

చిన్న చప్పుడైంది. గింజ ఉమ్మాడు.

ఇంకోటి తీసి కొరికాడు. తరవాత ఎడమ పక్క పెట్టి కొరికాడు. మళ్ళీ కుడి పక్క. నొప్పి వచ్చిందేమోనని నేను భయపడి దగ్గరికి వెళ్ళాను. నొప్పి కాదని ఆయన మొహం చూస్తే తెలిసింది. ఎవరి ఇంటికో వెళ్ళి తలుపు తడితే లోపల ఎవరూ పలక్కపోతే నిలబడిపోతాం చూడండి, అలా నిలబడిపోయాడు.

"ఎంతండీ?" అంది అన్నపూర్ణమ్మ.

ఏదో ఒక అంకె చెప్పేస్తే సరిపోయేది. పదహారున్నర అంటే ఆవిడ దణ్ణం పెట్టేది. గణేష్‌బాబు కిక్కురుమనకుండా లోడు ఎక్కించేవాడు. పద్దెనిమిదిన్నర అంటే ఆవిడ ఏడ్చుకుంటూ ధాన్యం మీద బరకాలు కప్పేది, అయినా ఆయన్ని తప్పుపట్టేది కాదు. ఏది అన్నా చెల్లుతుంది. ఆయన కొరకడం అందరూ చూశారు. చెప్పెయ్ బావా అని లోపల అనుకున్నాను. దాచడం ఎందుకు, నేనైతే చెప్పేసేవాణ్ణి.

"నాకు తెలియటం లేదమ్మా" అన్నాడు మా బావ.

జనం మొదట నవ్వబోయి ఆగారు. గణేష్‌బాబు "అదేంటి బాబాయిగారూ" అన్నాడు.

"గింజ విరుగుతోంది. ఎంతలో విరిగిందో తెలియటం లేదు. తెలియకుండా చెప్పలేను."

నేను పక్కకి వెళ్ళి లావణ్యగారికి ఫోన్ చేశాను. ఆవిడ ఓపిగ్గా అంతా వింది. తరవాత చెప్పింది. కొరికే బలం కండరాలదే గానీ, గింజ ఎంత గట్టిగా ఎదురు తిరిగిందో కనిపెట్టేది ఎక్కువగా పంటి వేరు దగ్గర. పన్ను ఎముకలో దిగేసిన మేకు కాదట. సన్నటి పోగులతో వేలాడదీసి ఉంటుందట. పంటి మీద పడ్డ భారం కబురు ఆ పోగుల నుంచి వెళ్తుంది. నలభై ఏళ్ళు ఏ రెండు పళ్ళ మీద గింజ పెట్టాడో ఆ రెండూ ఇప్పుడు లేవు. "ఎడమ పక్క పళ్ళకి కూడా పోగులుంటాయి మాస్టారూ. కానీ ఆ పక్క ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. నేర్చుకోవచ్చు. ఏళ్ళు పట్టచ్చు" అంది. మా బావకి అరవై రెండు దాటాయి.

వెనక్కి వచ్చి ఆ మాట ఎలా చెప్పాలా అనుకుంటుంటే, అన్నపూర్ణమ్మ అప్పటికే గుప్పెడు గింజలు నలుపుతోంది. పొట్టు ఊదేసి ఒక గింజ నోట్లో వేసుకుంది.

"పదిహేడు లోపేనండి" అంది. "పదహారు ముప్పావు ఉంటదండి."

"మీకెలా తెలుసమ్మా?" అన్నాడు బావ.

"మా ఆయన పోయిన కాణ్ణుంచి నేనూ కొరుకుతానండి. మీరు వచ్చేముందు కొరుక్కుని ఓ అంకె అనుకుంటానండి. మీరు చెప్పాక సరిచూసుకుంటానండి. పోయిన దాళ్వాకి ఒక్కసారే తేడా వచ్చిందండి."

గణేష్‌బాబు నవ్వాడు. "బావుందండి. అమ్ముకునేవాళ్ళే కొరికి చెప్తే ఇంక మేమెందుకండి?"

వాడి మాటా న్యాయమే. మా బావ ఆలోచించి, "మీ లారీలో వేరే ఊళ్ళ శాంపిల్ పొట్లాలు ఉన్నాయా? మిల్లు పెద్ద మిషన్ మీద చూసినవి?" అని అడిగాడు. ఐదు ఉన్నాయి. ఒక్కోదాని లోపల అంకె రాసిన చీటీ ఉంది. చీటీలు తీసి గణేష్‌బాబునే దగ్గర పెట్టుకోమన్నాడు. అన్నపూర్ణమ్మని అటు తిరిగి నిలబడమని, ఒక్కో పొట్లంలోంచి నాలుగేసి గింజలు నలిపి ఆవిడ అరచేతిలో పోశాడు.

మొదటిది పద్దెనిమిది అంది. చీటీలో పద్దెనిమిది పాయింట్ రెండు. రెండోది పదిహేను. చీటీలో పద్నాలుగు పాయింట్ తొమ్మిది. మూడోది అర తేడాలో వచ్చింది. నాలుగోది కొరికి ఆగిపోయింది. "ఇది ఈ పంట కాదండి. పాత ధాన్యం. పన్నెండు కూడా ఉండదు" అంది. గణేష్‌బాబు మొహం మాడ్చుకుని చీటీ చూపించాడు. అది దాళ్వా శాంపిలే, పొరపాటున ఇందులో కలిసింది. ఐదోది ఎవరూ అడగలేదు.

గణేష్‌బాబు లోడు చీటీ తీశాడు. "మీ మాట మీదే ఎక్కిస్తున్నానండి" అన్నాడు మా బావతో. ఆ చీటీలో అడుగున 'చూసినవారు' అని ఒక గీత ఉంటుంది. నలభై ఏళ్ళుగా అక్కడ ఆయన పేరే. పెన్ను తీసుకుని మా బావ ఆ గీత మీద 'అన్నపూర్ణమ్మ' అని రాశాడు.

"మీ పేరు రాయండి బాబాయిగారూ" అన్నాడు గణేష్‌బాబు.

"చూసింది ఆవిడ. నేను కాదు."

చినుకులు మొదలయ్యేసరికి చివరి బస్తా లారీ ఎక్కింది. సాయంత్రం మిల్లు నుంచి గణేష్‌బాబే ఫోన్ చేశాడు. పదహారు పాయింట్ ఎనిమిది. చేతి మిషన్ వేరే రకం ధాన్యానికి పెట్టిన సెట్టింగ్‌లో ఉండిపోయిందట.

ఆ రాత్రి మా బావ తినలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. విని, "సరే" అన్నాడు.

మర్నాడు వాన తెరిపిచ్చాక మళ్ళీ అన్నపూర్ణమ్మ ఇంటికి వెళ్ళాం. బరకాలు దులిపి మడతపెడుతోంది. మా బావ అరుగు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. రేపటి నుంచి కళ్ళాలకి ఆవిడ రావాలని, కొరకడం ఆవిడ పని, బేరం తన పని అని, వచ్చినదాంట్లో చెరిసగం అని. ఆవిడ నమ్మనట్టు నావైపు చూసింది. నిజమేనమ్మా అన్నాను.

"అయితే రెండు సంగతులు" అన్నాడు బావ. "ఎప్పుడూ ఒక పక్కే కొరక్కండి. కుడి పక్క కొన్ని, ఎడమ పక్క కొన్ని. ఇప్పటి నుంచే రెండు పక్కలకీ నేర్పండి."

"ఆయ్, అలాగేనండి."

"రెండోది, ఎప్పుడైనా పన్ను నొప్పెట్టిందనుకోండి, నాకు చెప్పండి. నేను రాజమండ్రి తీసుకెళ్తాను. నాకు చెప్పకుండా మాత్రం పీకించుకోకండి."

"ఎందుకండీ?"

మా బావ నావైపు చూడలేదు. ఆ మాట ఇంట్లో మా అక్కతో కూడా ఏనాడూ అనలేదు ఆయన.

"నావి రెండూ మంచి పళ్ళమ్మా. వద్దన్నా వినకుండా నేనే పీకించుకున్నాను."